సంతకం ఎవరు పెట్టాలి?

రెండేళ్ళ క్రితం మాట. హైదరాబాద్‌లో మా నాటకానికి ఒక డాబా మీద హాలు దొరికింది. రేకుల కప్పు, నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఎక్కడానికీ దిగడానికీ ఒకటే మెట్ల దారి. అడ్వాన్సు ఇచ్చాక ఓనరు ఒక కాగితం మా చేతిలో పెట్టాడు. ఏ ప్రమాదం జరిగినా పూర్తి బాధ్యత నాటక బృందానిదే అని రాసుంది. కింద పేరు, ఆధార్ నంబరు, సంతకం.

మేం తొమ్మిది మందిమి. మాకు అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, బ్యాంకు ఖాతా కూడా లేదు. మా బృందం ఎవరిదని అడిగితే అందరిదీ అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ కాగితం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరిగి తిరిగి, చివరికి మాలో అందరికన్నా చిన్నదైన అమ్మాయి దగ్గర ఆగింది. అప్పుడే ఉద్యోగంలో చేరింది. "నేను పెడతాలే, ఏముంది" అని పెట్టేసింది. లైట్లు చూసే కుర్రాడు మాత్రం ఊరుకోలేదు. "అన్నా, ఏమన్నా అయితే ఎవరు చూస్కుంటరు?" అని నన్నడిగాడు. నేను నవ్వేశాను.

ఏమీ కాలేదు. కానీ ఆ నాటకంలో రెండో రంగం మొత్తం కొవ్వొత్తుల వెలుతురులోనే నడిచింది. వాటి వెనక పాత చీరలతో, అట్టపెట్టెలతో కట్టిన గుడిసె. చూసినవాళ్ళందరూ ఆ రంగమే బాగుందన్నారు. ఆ తర్వాత ఎప్పుడో బెనీ సువేఫ్ గురించి చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బెనీ సువేఫ్ ఈజిప్టులో కైరోకి దక్షిణాన, నైలు ఒడ్డునున్న ఊరు. 2005 సెప్టెంబరు 5న అక్కడి సాంస్కృతిక భవనంలో ఔత్సాహిక నాటక బృందాల పండగ జరుగుతోంది. నాటకం ఆడిన గది అసలు నాటకాల కోసం కట్టింది కాదు, బొమ్మలు ప్రదర్శించే హాలు. దాన్నే గుహలాగా కనబడేట్టు కాగితాలతో కప్పేశారు. వెలుతురుకి కొవ్వొత్తులు పెట్టారు. నాటకం ముగుస్తుండగా ఒక కొవ్వొత్తి దొర్లి కాగితం అంటుకుంది. బయటికి దారి ఇరుకు. సుమారు యాభై మంది పోయారు. నటులు, దర్శకులు, విద్యార్థులు, పోటీకి న్యాయనిర్ణేతలుగా వచ్చిన విమర్శకులు. ఈజిప్టు నాటకరంగం గురించి రాసే ఒక తరం విమర్శకుల్లో ముఖ్యమైనవాళ్ళు కొందరు ఆ ఒక్క గదిలోనే పోయారు.

తర్వాతి కథ మనం ఊహించగలిగేదే. రచయితలూ కళాకారులూ ఆ తేదీనే పేరుగా పెట్టుకుని ఒక బృందంగా ఏర్పడి, బాధ్యులెవరో తేల్చమని వీధికెక్కారు. సంస్కృతి మంత్రి ఫరూక్ హోస్నీ రాజీనామా ఇచ్చాడు. అధ్యక్షుడు ముబారక్ అది తీసుకోలేదు. సాంస్కృతిక శాఖ అధికారుల మీద కేసులు నడిచాయి, కింది కోర్టులో శిక్షలూ పడ్డాయి. గుర్తుంచుకోవాల్సిందేమిటంటే, అక్కడ భవనం ప్రభుత్వానిది. పండగ జరిపించింది ప్రభుత్వం. కాబట్టి జనం నిలదీయడానికి ఒక శాఖ ఉంది, ఒక మంత్రి ఉన్నాడు. అదే మా డాబా మీద జరిగుంటే? ఆ కాగితం మీద సంతకం పెట్టిన ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఉండేది.

ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే, మన నాటకమే పాకలో పుట్టిందని గుర్తొచ్చింది. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి, పాక వేసి ఆడి వెళ్ళింది. వాళ్ళు వెళ్ళాక ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల్ని కూడగట్టి నాటకాలు ఆడించాడు. తెలుగులో ప్రదర్శన చరిత్ర రాసేవాళ్ళు మొదలుపెట్టేది ఇక్కడినుంచే. మనం ఆ కథ చెప్పుకునేటప్పుడు వీరేశలింగాన్ని చూస్తాం, నాటకాన్ని చూస్తాం. పాకని చూడం. విద్యుద్దీపాలు లేని కాలం. పైన తాటాకో గడ్డో, లోపల మంటతో వెలిగే దీపాలు, వాటి ముందు చదువుకునే పిల్లలు. ఆ పాక అంటుకోలేదు కాబట్టి అది మనకి చరిత్రయింది.

అప్పట్లో ప్రపంచమంతా నాటకశాలలు అంటుకుంటూనే ఉన్నాయి. గుడ్డ తెరలు, రంగు పూసిన అట్టలు, గ్యాసు దీపాలు ఒకే చోట చేరిస్తే ఇంకేం జరుగుతుంది. 1876 డిసెంబరులో న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో ఒక నాటకశాల కాలి 278 మందికి పైగా చనిపోయారు. 1887లో, అదీ సెప్టెంబరు 5నే, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పట్టణంలో థియేటర్ రాయల్ కాలింది. తెర వెనక గ్యాసు మంట గుడ్డకి తగిలింది. 186 మంది పోయారు. ఎక్కువ మంది చవక టికెట్టు కొనుక్కుని పై గ్యాలరీలో కూచున్నవాళ్ళు. అక్కడినుంచి దిగడానికి ఉన్నది ఒక్క దారి, అందులో మలుపులు. ఆ నాటకశాల పాతది కూడా కాదు, అంతకు ముందు ఏడాదే తెరిచారు.

ఇక్కడ ఒక మాట. ఇవేవీ తెలియక జరిగినవి కావు. గుడ్డని నిప్పుకి తట్టుకునేలా చెయ్యడం ఎలాగో కనిపెట్టమని ఫ్రాన్సు రాజు పద్దెనిమిదో లూయీ అడిగితే, రసాయన శాస్త్రవేత్త గే లుసాక్ 1821లోనే దారి చూపించాడు. అందులో వాడిన వాటిల్లో ఒకటి వెలిగారం. మన కంసాలి దుకాణంలో దొరికే వెలిగారమే. అంటే ఎక్సెటర్ కాలిపోయేనాటికి ఆ జ్ఞానం వయసు అరవై ఏళ్ళు దాటింది. తెలియకపోవడం వేరు. తెలిసినదాన్ని చెయ్యాల్సింది ఎవరో తేలకపోవడం వేరు.

మరి ఇదే కాలంలో మన దేశంలో చట్టం నాటకాన్ని ఎలా చూసింది? మళ్ళీ 1876కే రావాలి. ఆ ఏడాది మొదట్లో వేల్స్ యువరాజు కలకత్తా వచ్చినప్పుడు, ఒక బెంగాలీ వకీలు ఆయన్ని తన ఇంటి ఆడవాళ్ళ మధ్యకి ఆహ్వానించాడు. దాన్ని వెక్కిరిస్తూ గ్రేట్ నేషనల్ థియేటర్ వాళ్ళు ఒక ప్రహసనం ఆడారు. వైస్రాయ్ నార్త్‌బ్రూక్ వెంటనే ఆర్డినెన్సు తెచ్చాడు. దర్శకుడు ఉపేంద్రనాథ్ దాస్‌నీ, నటుడు అమృతలాల్ బోస్‌నీ మరో నాటకంలో అశ్లీలం ఉందన్న పేరుతో అరెస్టు చేశారు. కింది కోర్టు వేసిన శిక్షని హైకోర్టు కొట్టేసింది. అయినా ఆ డిసెంబరులో నాటక ప్రదర్శనల చట్టం వచ్చేసింది. అంటే బ్రూక్లిన్‌లో శవాలు లెక్కపెడుతున్న నెలలోనే ఇక్కడ మాటలకి సంకెళ్ళు తయారయ్యాయి.

ఆ చట్టంలో ఆరో సెక్షను చదవదగ్గది. నిషేధించిన నాటకంలో పాల్గొన్నవాడు బాధ్యుడు. నడిపించడంలో ఏ రకంగానైనా సాయపడ్డవాడు బాధ్యుడు. నిషేధం ఉందని తెలిసీ చూడ్డానికి వచ్చి కూచున్న ప్రేక్షకుడు బాధ్యుడు. చోటిచ్చిన ఇంటి యజమాని బాధ్యుడు. మూడు నెలల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఎంత వివరంగా ఆలోచించారో చూడండి! ఒక మాట రంగస్థలం మీద పలికితే ఎవరెవరు జవాబు చెప్పాలో, చివరి వరుసలో కూచున్నవాడి దాకా లెక్కగట్టి పెట్టారు. ఈ చట్టం 2018 మొదట్లో గానీ పుస్తకాల్లోంచి పోలేదు.

శరీరాల గురించి చట్టం లేదా అంటే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1888లోనే జనం వినోదానికి చేరే చోట్ల గురించి ఒక చట్టం వచ్చింది. అలాంటి భవనానికి లైసెన్సు తీసుకోవాలి. అయితే అది చోటుకి సంబంధించినది. నాటక బృందానికి స్థిరమైన చోటు ఉండదే. ఇవాళ బడి, రేపు కల్యాణ మండపం, ఎల్లుండి ఎవరి డాబానో. ఇక మిగిలింది శిక్షాస్మృతి. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే పాత 304ఎ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు. 2024 నుంచి అమల్లో ఉన్న కొత్త న్యాయ సంహితలో అది ఐదేళ్ళ దాకా పెరిగింది. కానీ ఇది ప్రాణం పోయాక వచ్చే చట్టం. మాట విషయంలో ముందే తలుపు దగ్గర నిలబడిన చట్టం, ప్రాణం విషయంలో శవపంచనామా వేళకి వస్తుంది.

ఇప్పుడు బృందం అనే మాట దగ్గరికి వద్దాం. చట్టానికి బృందం అంటే ఏమిటి?

1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం సాహిత్యం, కళల కోసం కలిసిన ఏడుగురు చాలన్నది. రిజిస్టరు చేసుకుంటే సంఘం మీద దావా పడుతుంది, డిక్రీ వస్తే వసూలు చేసుకునేది సంఘం ఆస్తి నుంచే. కార్యదర్శి ఇల్లు జప్తు చెయ్యరు. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న 2001 చట్టానికి కూడా ఏడుగురే కావాలి. బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. ఆయనకి పోటీగా సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. తెలుగు నాటకానికి తొలి రోజుల్లో దిక్కైనవాళ్ళు కోర్టుల్లో పనిచేసినవాళ్ళు కావడం చిత్రమే. సభ, సమాజం, మండలి. మన నాటక సంస్థల పేర్లలో ఎప్పుడూ ఒక పెద్దమనిషి తరహా మాట ఉండేది.

రిజిస్టరు చేసుకోకపోతే? దానికి 1903లో లండన్ ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన ఒక తీర్పు ఉంది. మన హైకోర్టుల మీద కూడా అప్పుడు అదే పై కోర్టు. సిడ్నీలో ఒక క్లబ్బు కోసం కొందరు ట్రస్టీలుగా లీజు కాగితం మీద సంతకాలు పెట్టారు. క్లబ్బు మునిగింది. ఆ భారంలో సభ్యులు కూడా వాటా పంచుకోవాలని అడిగితే, కుదరదన్నారు. మామూలు సభ్యుడు ఇవ్వాల్సింది తన చందా వరకే. మిగతాది సంతకం పెట్టినవాళ్ళ నెత్తిన. ఇది ప్రమాదం గురించిన తీర్పు కాదు, డబ్బు గురించినది. కానీ ఇందులో కనబడే మనిషి నాకు బాగా తెలుసు. అందరి తరఫునా పెన్ను పట్టుకున్న మనిషి. "ఏముంది" అన్న మనిషి.

అదే 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరోక్వాయ్ థియేటర్ కాలింది. తెరిచి నలభై రోజులైనా కాలేదు. అగ్నికి అభేద్యం అని ప్రకటనలు వేసుకున్న భవనం. ఒక ఆర్క్ లైటు నిప్పురవ్వ గుడ్డకి అంటుకుంది. నిప్పుని ఆపాల్సిన తెర సగంలో ఇరుక్కుపోయింది. కొన్ని తలుపులు లోపలికి తెరుచుకునేవి, కొన్నిటి గడియలు ఎలా తియ్యాలో జనానికి తెలియలేదు. 602 మంది పోయారు. సెలవుల మధ్యాహ్నం ఆట కావడంతో ఆడవాళ్ళూ పిల్లలే ఎక్కువ. మేనేజరు విల్ డేవిస్ మీద కేసు నడిచి, 1907లో నిర్దోషిగా బయటపడ్డాడు. శిక్ష సంగతి అలా ఉంచితే, దాని తర్వాత తలుపులు మారాయి. లోపలినుంచి ఒంటితో నెడితే చాలు, తెరుచుకునే కడ్డీ తలుపు ఇవాళ ప్రతి మల్టీప్లెక్సులో చూస్తున్నాం కదా, దాన్ని బజారులోకి తెచ్చినవాళ్ళలో ఒకడు ఆ రోజు ఆ ఆటకి వెళ్ళాల్సి ఉండి వెళ్ళలేకపోయిన ఇనప సామాన్ల వ్యాపారి.

పెద్ద థియేటర్లు ఇలా కాలి కాలి నేర్చుకున్నాయి. మన దగ్గర 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది పోతే, ఆ తల్లిదండ్రులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి పోరాడారు. అలా పోరాడటానికైనా వాళ్ళకి ఎదురుగా ఒక యజమాని ఉన్నాడు, ఒక లైసెన్సు ఉంది, దాన్నిచ్చిన శాఖలు ఉన్నాయి. చిన్న నాటకం ఈ లెక్కల కింద నుంచి జారిపోతుంది. మన జాతీయ భవన నియమావళి జనం గుమిగూడే భవనం అంటే ఏమిటో చెప్పేటప్పుడు యాభై మందికి తక్కువ కాకుండా అంటుంది. మా డాబా మీద నలభై కుర్చీలు. మేం ఆ గీత కిందున్నాం. నిప్పుకి ఆ గీత తెలియదు.

అయితే ఇంత చదివాక కూడా, "చక్కగా రిజిస్టరు చేసుకోండి, అనుమతులు తెచ్చుకోండి" అని చెప్పి ముగించడం నాకు చేతకావడం లేదు. చిన్న బృందాలు పేరు లేకుండా ఉండటం బద్ధకం వల్ల మాత్రమే వచ్చింది కాదు. దానికీ చరిత్ర ఉంది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి'ని ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడుతుంటే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అలాంటి కాలంలో పేరు, అడ్రసు, సభ్యుల జాబితా ఉన్న బృందం అంటే పోలీసుల చేతికి కాగితం రాసిచ్చిన బృందం. అందరిదీ అనడం ఒక రక్షణ. ఎవరిని పట్టుకోవాలో తెలియకుండా చెయ్యడం. 1876 చట్టం ప్రేక్షకుడి దాకా చెయ్యి చాపింది కాబట్టే, నాటకం పేర్లు దాచుకోవడం నేర్చుకుంది.

రాజ్యం నుంచి మనల్ని కాపాడిన అలవాటే, నిప్పు దగ్గర మనల్ని నిస్సహాయుల్ని చేస్తోంది. నాకు అర్థమైనంతవరకు చిక్కు ఇదే. ఎవరు బాధ్యులో తేలని చోట పోలీసులకి మనిషి దొరక్కపోవచ్చు. కానీ మంటలార్పే డబ్బా తెచ్చే మనిషి కూడా దొరకడు. వెనక తలుపుకి తాళం ఉందో లేదో చూసే మనిషి దొరకడు. రిహార్సల్లో కాలు విరిగిన కుర్రాడి ఆస్పత్రి బిల్లు కట్టే మనిషి దొరకడు. ఇందులో మొదటి రెండిటికీ ప్రభుత్వంతో పనిలేదు. డబ్బుతో కూడా పెద్దగా పనిలేదు. ఒకరి పేరు పక్కన ఒక పని రాసుకుంటే చాలు.

సురభి వాళ్ళని చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలై, తరాలుగా కుటుంబాలే కంపెనీలుగా బతికారు. తీగల మీద మనుషులు గాల్లో ఎగురుతారు, వేదిక మీద మంటలు లేస్తాయి. అక్కడ తీగ కట్టేది అన్నో బాబాయో. ఎగిరేది ఆ ఇంటి పిల్ల. ఏ చట్టమూ రాయకపోయినా ఆ ముడి ఎవరు వెయ్యాలో, ఎవరు చూడాలో ఇంట్లో అందరికీ తెలుసు. మనం సురభి నుంచి ట్రిక్కులు నేర్చుకోవాలని ఉబలాటపడతాం. వాళ్ళ దగ్గరున్న అసలు సంగతి ఆ ముడికి ఒక మనిషి ఉండటం. మా తొమ్మిది మందిమి చుట్టాలం కాదు. మాకది కాగితం మీద రాసుకోవాల్సి వస్తుంది.

ఓనర్లు రాయించుకునే కాగితం సంగతి కూడా చెప్పాలి. బాధ్యత మాది కాదు అని రాయించుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం అనే నేరం మాఫీ అయిపోదు. ఇద్దరు మనుషుల మధ్య ఒప్పందం మూడోవాడి ప్రాణానికి వెల కట్టలేదు. మెట్లకి అడ్డంగా సామాను పెట్టిన ఓనరు అలా సంతకం తీసుకుని తప్పించుకోలేడు. అట్టపెట్టెల ముందు కొవ్వొత్తి వెలిగించిన మేమూ తప్పించుకోలేం. ఆ కాగితం చేసేదల్లా ఒకటే. పోలీసులు వచ్చినప్పుడు ముందుగా ఎవరి తలుపు కొట్టాలో చెబుతుంది.

పోయిన నెల మళ్ళీ కూచున్నాం. కొత్త నాటకం, కొత్త హాలు. ఈసారి రెండు దారులున్న చోటు దొరికేదాకా ఆగాం, దానికోసం తేదీ మూడు వారాలు వెనక్కి జరిగింది. కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు తెచ్చాం. వెలుతురు అంత బాగా రావడం లేదు, నిజమే చెప్పాలి. రిజిస్ట్రేషన్ మాట ఎత్తితే ఇద్దరు ఒప్పుకోలేదు. "పేరు పెట్టుకోవడమంటే వాళ్ళకి అడ్రసు ఇవ్వడమే" అన్నాడొకడు. వాడి మాట కొట్టిపారెయ్యలేకపోయాను. ఆ చర్చ ఇంకా తేలలేదు.

హాలు కాగితం మాత్రం వచ్చింది. మళ్ళీ అవే మాటలు, కింద ఒకే సంతకానికి చోటు. పెన్ను తియ్యబోయిన ఆ అమ్మాయి చేతిలోంచి లైట్ల కుర్రాడు కాగితం లాక్కున్నాడు. వెనక్కి తిప్పి, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాడు. ఒక్కో అంకె పక్కన ఒక్కో పని రాశాడు. ముందు తలుపు, వెనక తలుపు, మెయిన్ స్విచ్, ఇసుక బకెట్లు, మేకప్ గదిలో పిల్లలు, అలా. తర్వాత పెన్ను నాకిచ్చాడు. నాకు వెనక తలుపు వచ్చింది.